రెండు లైన్ల ఎత్తు

పొద్దున ఆరున్నరకు మా పెదనాన్న ప్రింటర్‌లోంచి కాగితం తీసి, కంప్యూటర్ ముందు కూర్చుని పెన్సిల్ అందుకుంటారు. స్క్రీన్ మీద ఒక్కో గడి నొక్కి, పైన కనపడే పట్టీలో దాని చివరి మాట చూస్తారు. కాగితం మీద అదే గడిలో చివరి మాట చూస్తారు. రెండూ ఒకటే అయితే అంచున చిన్న టిక్కు పెడతారు. అన్ని గళ్ళకూ టిక్కులు పడ్డాకే ఆ కాగితం వంటింట్లోకి, పెద్దమ్మ టీ గ్లాసు కిందికి వెళ్తుంది.

ఈ టిక్కులు పెట్టడం రెండేళ్ళ నుంచే. అంతకుముందు ఆయన కాగితం వంక చూసేవారే కాదు. ప్రింటర్ ఉమ్మిందాన్ని ఉమ్మినట్టు తీసుకెళ్ళి గ్లాసు కింద పెట్టి, సంచీ తగిలించుకుని బస్సుకు వెళ్ళిపోయేవారు.

పెదనాన్న బస్సుల వర్క్‌షాపులో స్టోర్‌కీపరు. బేరింగులు, బ్రేకు లైనింగులు, అద్దాలు, నట్లు, వాషర్లు, ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. ఒకప్పుడు ఇవన్నీ చేత్తో గీతలు కొట్టిన రిజిస్టర్లలో ఉండేవి. కంప్యూటర్ వచ్చాక ఆయనకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఆ రెండు రోజుల్లో నేర్పింది ఒక్కటే, గళ్ళ షీటు. ఆయన దాన్ని ఎంత బాగా పట్టుకున్నారంటే, ఇంక వేరే దేని జోలికీ పోలేదు. సెలవు చీటీ అయినా గళ్ళల్లోనే, ఇంటి సామాన్ల జాబితా అయినా గళ్ళల్లోనే, మా తాతయ్య పోయినప్పుడు బంధువులకు రాసిన ఉత్తరం కూడా గళ్ళల్లోనే. మా అమ్మ, అంటే పెద్దమ్మకు చెల్లెలు, ఆయనకు 'గళ్ళబావ' అని పేరు పెట్టింది. ఆయన ఎదురుగానే అలా పిలుస్తుంది. ఆయన ఏమీ అనరు. అసలు ఆయన దేనికీ ఏమీ అనరు. ఊ, ఆ, సరే, చూద్దాం. ఈ నాలుగు మాటలతో ఆయన సంసారం ఇరవై అయిదేళ్ళు నడిచింది.

అప్పుడు పెద్దమ్మకు జ్వరం వచ్చింది. పది రోజుల జ్వరం తగ్గేసరికి రెండు చెవులూ వినపడడం మానేశాయి. తనకు మాట మామూలుగానే వస్తుంది, కానీ తన గొంతు తనకే వినపడదు కాబట్టి ఒకసారి అరిచినట్టూ ఒకసారి గొణిగినట్టూ మాట్లాడేది. ఇంటికి ఎవరు వచ్చినా పెదవులు కదలడం చూస్తూ కూర్చునేది. వాళ్ళు వెళ్ళాక పెదనాన్న చెయ్యి పట్టుకుని అడిగేది.

"ఏమన్నారండీ?"

ఆయన చెయ్యి ఊపేవారు, ఏం లేదన్నట్టు.

"అంతసేపు మాట్లాడి ఏం లేదా? నాకు పిచ్చి పట్టిస్తారా మీరంతా కలిసి!"

మూడోసారి అలా అడిగిన రోజు పెదనాన్న కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త షీటు తెరిచారు. మొదటి నిలువు గడికి 'ఎవరు' అని, రెండో దానికి 'ఏమన్నారు' అని పేరు పెట్టారు. ఆ రోజు ఇంట్లో వినపడినవన్నీ అందులోకి ఎక్కించారు. పెద్దమ్మ చూపు కూడా కాస్త తగ్గింది కాబట్టి పెద్ద అక్షరాలు పెట్టి మర్నాడు పొద్దున ప్రింట్ తీశారు.

పాలాయన: రేపు అరగంట ఆలస్యమవుతుంది.

పక్కింటావిడ: బట్టల తాడు తెగింది, మీ దగ్గర ఉంటే ఇవ్వండి. ఇచ్చాను.

నీ చెల్లెలు: గంట మాట్లాడింది. ముఖ్యమైనది ఏమీ లేదు.

ఈ మూడో వరుస పెద్దమ్మ చూపించగా మా అమ్మ చదివింది. చదివి నెల రోజులు దాని గురించే మాట్లాడింది.

"బావా, గంటసేపు గొంతు నొప్పెట్టేలా చెబితే, ముఖ్యమైనది ఏమీ లేదా?"

"ఊ."

"ఆ ఊ కూడా రాయండి, అక్కకు తెలియాలి!"

మర్నాడు కాగితంలో వచ్చింది. 'నేను: ఊ.' పెద్దమ్మ దాన్ని చూసి పడీ పడీ నవ్వింది. జ్వరం తర్వాత తను నవ్వడం అదే మొదటిసారి అని అమ్మ అంటుంది.

అలా నాలుగేళ్ళు రోజూ కాగితం వచ్చింది. మెల్లగా అందులోకి వర్క్‌షాపు కూడా వచ్చింది. వెల్డింగు మాస్టారు కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని వస్తే ఎవరూ గుర్తుపట్టకపోవడం, టైర్ల గదిలో పిల్లి ఈనడం, డ్రైవరొకడు హారన్ బాగుచేయమని వచ్చి హారనే తేవడం మర్చిపోవడం. పెద్దమ్మ అడగకుండానే ఆయన రాసేవారు. వరుసకు రెండు లైన్లు, అంతే. స్టోర్‌లో ఆయన పెట్టుకున్న పద్ధతి అది. వస్తువుకు ఒక వరుస, వరుసకు రెండు లైన్ల ఎత్తు. ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ ఉంటే అరల్లో సామాను ఎగుడుదిగుడుగా పేర్చినట్టు ఉంటుందని ఆయనకు చిరాకు. ఇంటి షీటులోనూ వరుసలన్నిటినీ ఎంచుకుని ఒకే ఎత్తుకు బిగించేశారు. రాత గడి పై అంచు నుంచి మొదలయ్యేలా సర్దారు. కాగితం ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది.

నాలుగో ఏడు చివర్లో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. చెవి వెనక చర్మం కింద చిన్న యంత్రం అమర్చే ఆపరేషన్‌కు పెద్దమ్మ పేరు ఎప్పుడో జాబితాలో రాయించారు. ఇప్పుడు వంతు వచ్చింది. సోమవారం పదింటికి వచ్చి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలి. రాకపోతే వంతు తర్వాతివాళ్ళకు పోతుంది. మళ్ళీ ఏడాదో, రెండేళ్ళో చెప్పలేమన్నారు.

పెద్దమ్మకు భయం. తల కోస్తారు. కోసినా మునుపటిలా వినపడుతుందని డాక్టరు మాటివ్వలేదు. బుధవారం సాయంత్రం పెదనాన్నను అడిగింది.

"మీరేమంటారు? నాకు ఊ, ఆ కాదు. మీ మనసులో ఉన్నది రాసి పెట్టండి. అది చూసి నిర్ణయించుకుంటా."

పెదనాన్న గురువారం వర్క్‌షాపులో భోజనాల వేళ స్టోర్ తలుపు వేసుకుని రాశారు. ఆ గంటలో వాషర్ల కోసం వచ్చిన మెకానిక్ తలుపు కొట్టి కొట్టి, ఈయనకేదో అయిందని భయపడ్డాడట. పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుని, శుక్రవారం పొద్దున ప్రింట్ తీసి, ఎప్పట్లాగే చూడకుండా గ్లాసు కింద పెట్టి, ఎప్పటికంటే తొందరగా బస్సుకు వెళ్ళిపోయారు. రాసింది చదివేటప్పుడు ఎదురుగా నిలబడాలంటే ఆయనకు సిగ్గు.

మధ్యాహ్నం పెద్దమ్మ చిన్న సంచీతో మా ఇంటికి వచ్చింది. మా ఇల్లు రెండు వీధుల అవతలే. వచ్చి వెనక వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అమ్మ పలక మీద రాసి అడిగింది, ఏమైందని.

"ఏం కాలేదు. సోమవారం నేను ఆసుపత్రికి వెళ్ళడం లేదు." గట్టిగా అంది, పక్కింటికి వినపడేలా. తర్వాత గొణిగింది. "వినపడి మాత్రం ఎవరి మాట వినాలి?"

ఇంటి దగ్గర పెదనాన్నకు ఇదే సంగతి చీటీ రాసిపెట్టి వచ్చిందట. ఆయన సాయంత్రం వచ్చి అది చదువుకున్నారు. తను రాసిందంతా పెద్దమ్మ చదివిందనీ, చదివి అసహ్యించుకుందనీ అనుకున్నారు. శనివారం గడిచింది. ఆయన రాలేదు, కబురు పెట్టలేదు. ఆయన రాలేదు కాబట్టి ఆయన రాసింది నిజమేనని పెద్దమ్మ అనుకుంది. ఇద్దరూ ఒకే కాగితం గురించి రెండు రకాలుగా కుమిలిపోతున్నారని మాకు తెలియదు.

ఆదివారం పొద్దున పెద్దమ్మ కళ్ళద్దాలు తుడిచి ఇద్దామని అమ్మ వాటి పెట్టె తెరిచింది. లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం. విప్పి చదివింది. ఎక్కువ లేదు, ఒక్కటే వరుస.

నేను: నీకు వినపడకుండా పోవడమే మంచిదైందని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

సరిగ్గా రెండు లైన్లు. కింద తిన్నని గీత, ఆ కింద తెల్ల కాగితం.

అమ్మ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. నేను వెనక పరుగెత్తాను. మేము వెళ్ళేసరికి పెదనాన్న ముందు గదిలో తలుపు బందుకు నూనె వేస్తున్నారు. కిర్రుమనని తలుపుకు కూడా ఆదివారం నూనె వేయడం ఆయన అలవాటు.

"ఇదేం రాత, బావా?" అమ్మ కాగితం ఆయన ముఖం ముందు పెట్టింది. "నాలుగేళ్ళుగా ఇల్లు మొత్తం మీరే వినిపిస్తున్నారని నలుగురి దగ్గరా గొప్పలు చెప్పుకుంటున్నాను. చివరికి మా అక్కకు వినపడకపోవడమే మంచిదా మీకు?"

పెదనాన్న నూనె డబ్బా కింద పెట్టి, చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నారు. ముందు చూశారు. తిప్పి వెనక చూశారు. మళ్ళీ ముందు చూశారు.

"మిగిలిందేది?"

"ఏం మిగిలింది?"

"దీనికింద ఇంకా ఉందిగా."

"దీనికింద ఏముంది, గీత ఉంది!"

పెదనాన్న కంప్యూటర్ దగ్గరకు వెళ్ళారు. షీటు తెరిచి ఆ వరుస మీద నొక్కారు. గడిలో ఆ రెండు లైన్లే ఉన్నాయి. కానీ స్క్రీన్ పైభాగాన, గడిలో ఏముందో చూపించే పొడుగాటి పట్టీ ఉంటుంది. ఆయన టైపు చేసేది, చదువుకునేది ఎప్పుడూ దాన్ని చూస్తూనే. దాన్ని కిందికి లాగారు. అక్షరాలు వస్తూనే ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఆయన రెండు లైన్లు దాటి ఏ గడిలోనూ రాయలేదు. మొదటిసారి దాటారు. బిగించిన వరుస పై రెండు లైన్లే ప్రింటర్‌కు ఇచ్చి మిగతాది లోపల దాచేసుకుంది.

అమ్మ వంగి చదివింది. నేను తన భుజం మీదుగా చదివాను.

'నీకు వినపడకుండా పోవడమే మంచిదైందని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. మన పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. ఇరవై అయిదేళ్ళు నీకు బాగా వినపడేది. రోజూ ఏం జరిగిందని అడిగేదానివి. ఏముంటుంది అనేవాణ్ణి. నీకు వినపడడం మానేశాకే నేను చెప్పడం మొదలుపెట్టాను. ఈ నాలుగేళ్ళలో నీకు చెప్పినన్ని మాటలు పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చెప్పలేదు. పిల్లి ఈనిందని నీకు రాయాలనే ఆ రోజు టైర్ల గదికి నాలుగుసార్లు వెళ్ళాను. ఇప్పుడు యంత్రం పెడితే అందరి మాటా నువ్వే వింటావు. కాగితం అక్కర్లేదు. నేను మళ్ళీ ఊ, ఆ లోకి పోతానేమోనని భయంగా ఉంది. ఇది నా భయం. దీనికీ నీ చెవికీ సంబంధం లేదు. నా భయం కోసం నువ్వు ఇలా ఉండిపోకూడదు. పోయినేడు వాన పడుతుంటే కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి, చప్పుడెలా ఉందని అడిగావు. ఎవరు గడిలో వాన అని, ఏమన్నారు గడిలో ఓ మోస్తరు అని రాశాను. అది చాలదని నాకు తెలుసు. అంతకంటే రాయడం నాకు చేతకాలేదు. అందుకని నువ్వు ఆపరేషన్ చేయించుకో. సోమవారానికి సెలవు పెట్టాను.'

అమ్మ పమిట చెంగుతో ముక్కు తుడుచుకుని అంది.

"ప్రింట్ తీయండి బావా. మొత్తం తీయండి."

పెదనాన్న వరుస కింది గీత పట్టుకుని లాగారు. వరుస సాగింది. ఇంకా లాగారు, ఇంకా సాగింది. ఒకచోట ఆగిపోయింది. ఎంత లాగినా కదలదు. ఒక వరుస ఎంత ఎత్తు పెరగాలో దానికీ ఒక హద్దు ఉందట. ముప్పై ఏళ్ళ స్టోర్ ఉద్యోగంలో ఆయన ఎప్పుడూ ఆ హద్దు దాకా వెళ్ళలేదు. సరే అని ప్రింట్ కొట్టారు. పెద్ద అక్షరాలు కదా, కాగితం సగం నిండి 'నేను మళ్ళీ ఊ, ఆ లోకి పోతానేమోనని భయంగా ఉంది' దగ్గర తెగిపోయింది.

అమ్మ చదివి ఉలిక్కిపడింది. "అమ్మో, ఇది పట్టుకెళ్తే అక్క ఇంక ఈ గడప తొక్కదు!"

అక్షరాలు తగ్గించి తీశారు. మొత్తం వచ్చింది, చీమల బారులా. పెద్దమ్మకు అది గీతలా తప్ప రాతలా కనపడదు.

"చేత్తో రాసివ్వండి, ఈ గోలంతా ఎందుకు?" అంది అమ్మ.

"నా చేతిరాత నాకే అర్థం కాదు."

"ఉత్తరాలు రాసుకునేది వేరే ఉంటుంది పెదనాన్నా, అందులో పెడితే ఎంత పొడుగైనా వస్తుంది," అన్నాను నేను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "గళ్ళు లేకపోతే అది నా కాగితమని ఆవిడ నమ్మదమ్మా. ఎవరో కూర్చి పెట్టారనుకుంటుంది."

అమ్మ వంక చూసి మరీ అన్నారు ఆ మాట.

చివరికి ఆయన చేసింది చాలా చిన్న పని. పొడుగాటి రాతలోంచి ఒక వాక్యం కోసి, కింది గడిలో అతికించారు. ఇంకో వాక్యం ఇంకో గడిలో. వాక్యానికి ఒక వరుస. రెండు లైన్లకు మించే వాక్యం వచ్చినచోట, గీత పట్టుకుని ఆ వరుస ఎత్తు పెంచారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎగుడుదిగుడుగా అయిపోయిన షీటును చూస్తూ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చారు, అంతే. వాక్యాలన్నీ పూర్తయ్యాక పక్కన 'ఎవరు' గళ్ళు ఖాళీగా కనపడ్డాయి. ఒక్కొక్కదాంట్లో 'నేను' అని టైపు చేశారు. కాపీ చేసి అతికించడం ఆయనకు వచ్చు. అయినా ఒక్కో గడికీ వెళ్ళి టైపు చేశారు.

మూడు పేజీలు వచ్చాయి. ఆ రోజే మొదటిసారి ఆయన పెన్సిల్ పట్టుకుని చివరి మాటలకు టిక్కులు పెట్టారు. రెండుసార్లు పెట్టారు.

మేము వెళ్ళేసరికి పెద్దమ్మ వసారాలో అదే కుర్చీలో ఉంది. పెదనాన్న అట్టలో పెట్టి తెచ్చిన కాగితాలు తన ఒళ్ళో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. ఈసారి వెళ్ళడానికి బస్సు లేదు.

పెద్దమ్మ కాగితాల వంక కాక ఆయన వంకే కాసేపు చూసింది. తర్వాత మొదటి పేజీ ఎత్తింది. మొదటి వరుస చూడగానే ముఖం ముడుచుకుంది, కాగితం పక్కన పెట్టేయబోయింది. అమ్మ తన వేలు పట్టుకుని రెండో వరుస మీద పెట్టింది. అక్కడి నుంచి పెద్దమ్మ వేలు ఆగలేదు. వాన దగ్గర ఒక్కసారి ఆగింది. మళ్ళీ కదిలింది. చివరి దాకా వచ్చాక మొదటి పేజీ తిరగేసి, ఎడమ వైపున్న గళ్ళ మీద పై నుంచి కిందికి వేలు నడిపింది.

"ఇన్ని నేనులా!" వీధికి వినపడేంత గట్టిగా అంది. "నాలుగేళ్ళ కాగితాలన్నీ కలిపినా ఇన్ని లేవు."

పెద్దమ్మ వేలు మొదటి వరుస కిందికి జరిపి అడిగింది.

"మరి శుక్రవారం ఇవన్నీ ఏమయ్యాయి?"

ఆయన దగ్గర కాగితం లేదు, కలం లేదు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించారు, ఇంత ఎత్తని. తర్వాత అరచెయ్యి కత్తిలా చేసి దానికింద కోసినట్టు చూపించారు. పెద్దమ్మకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. వరుసలు సమానంగా ఉండాలని ఆయన పడే పాట్లు అందరికంటే తనకే ఎక్కువ తెలుసు.

"గీతలు చక్కగా ఉండాలని నోట్లో మాట కోసుకున్నారా మీరు!" అని నెత్తి కొట్టుకుంది. "నేనిక్కడ మూడు రోజుల నుంచి, వినపడని పెళ్ళాం ఉంటే ఈయనకు హాయిగా ఉందన్నమాట అనుకుంటూ..."

నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టంగా ఉంది. పెదనాన్న ఆ రెండడుగులూ ముందుకు వచ్చారు. పెద్దమ్మ కాగితాలు మళ్ళీ అట్టలో సర్దుకుంటూ, ఇంట్లో మామూలుగా కూర ఏం చేయమంటారని అడిగినట్టు అడిగింది.

"రేపు ఎన్నింటికి వెళ్ళాలి?"

పెదనాన్న రెండు చేతుల పది వేళ్ళూ చూపించారు.

ఆపరేషన్ అయింది. యంత్రం పని మొదలుపెట్టిన రోజు పెద్దమ్మకు అందరి గొంతూ రేకు డబ్బాలో గులకరాళ్ళు కదిలించినట్టు వినపడింది. మా అమ్మ గొంతు మాత్రం పెద్ద తేడా లేదంది. ఆ రేకు చప్పుడు మాటలుగా మారాలంటే సాధన కావాలని ఆసుపత్రిలో మాట నేర్పే టీచరమ్మ చెప్పింది. రోజూ ఇంట్లో ఒకరు ఏదైనా పైకి చదవాలి, పెద్దమ్మ అదే కాగితం మీద వేలు పెట్టి అనుసరించాలి. కంటికి తెలిసిన మాటను చెవి మెల్లగా గుర్తుపడుతుందట.

"ఇంట్లో చదవడానికి ఏమైనా ఉందా?" అని టీచరమ్మ అడిగింది. పెద్దమ్మ పెదనాన్న వంక చూసింది. ఆయన "ఊ" అన్నారు.

ఇప్పుడు పెద్దమ్మకు వంటింట్లో కుక్కరు కూత, తలుపు తట్టడం, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడేవాళ్ళ మాట తెలుస్తాయి. ఫోన్లో ఇంకా సరిగ్గా తెలియదు. వాన తెలుస్తుంది. పెదనాన్న షీటులో వరుసలు ఒకే ఎత్తున లేవు. రోజూ పొద్దున టిక్కులు పెట్టడం అయ్యాక, టీ గ్లాసు పక్కకు జరిపి, ఇరవై నిమిషాలు పెద్దమ్మకు ఎదురుగా కూర్చుని కాగితం పైకి చదువుతారు. ఏడుంబావుకు బస్సెక్కుతారు.